పాత వాహనాలలో హోస్ పైపుల లీకేజీ నివారణ, క్లాంపుల ఎంపిక: ఫిల్మ్‌నగర్ కార్ల నుండి పొలంలోని ట్రాక్టర్ వరకు

సారాంశం

ఇంజను చల్లదనం, ఇంధన సరఫరా, గాలి శుద్ధి అనే మూడు వ్యవస్థలు రబ్బరు హోస్ పైపుల మీద, వాటిని లోహపు మూతులకు బిగించే క్లాంపుల మీద ఆధారపడి ఉంటాయి. వాహనం పాతబడిన కొద్దీ లీకేజీలు ఎక్కువగా ఈ అతుకుల వద్దనే మొదలవుతాయి. హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో చిత్రీకరణకు వాడే పాత వాహనాల పని తీరుకు, గ్రామాలలోని పాత ట్రాక్టర్ల పని తీరుకు దగ్గరి పోలిక ఉంది. ఈ పోలిక ఆధారంగా లీకేజీకి గల కారణాలు, క్లాంపుల రకాలు, కొలతల ఎంపిక, బిగింపు పద్ధతి, విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు అందించదగిన సూచనలు ఈ వ్యాసంలో వివరించబడినాయి.

పరిచయం

తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన క్రమంలో 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమైంది. కాలక్రమంలో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు పరిశ్రమకు కేంద్రంగా స్థిరపడ్డాయి. గడచిన కాలపు కథలను తెరకెక్కించేటప్పుడు ఆయా కాలాల వాహనాలు అవసరమవుతాయి. 2018లో విడుదలైన ‘మహానటి’ వంటి చిత్రాలలో ఇటువంటి వాహనాలకు ప్రాముఖ్యం ఉంది. 2014 మే నెలలో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్, అంతకు చాలా ముందే తయారీ ఆగిపోయిన ప్రీమియర్ పద్మిని, పాత జీపులు ఈ కోవకు చెందినవి.

ఈ వాహనాలు నెలల తరబడి కదలకుండా నిలిచి ఉంటాయి. పని పడిన రోజున మాత్రం ఎండలో, కొండరాతి నేల మీద ఉన్న ఎత్తుపల్లాల దారులలో, తక్కువ వేగంతో మళ్ళీ మళ్ళీ నడుస్తాయి. వేగం తక్కువగా ఉండడం వలన రేడియేటరుకు ఎదురుగాలి అందదు. చల్లబరిచే భారమంతా ఫ్యాను మీదనే పడుతుంది. ఇంజను వేడెక్కడం, ఆపివేయడం, చల్లారడం, తిరిగి వేడెక్కడం ఒకే రోజున అనేక పర్యాయాలు జరుగుతాయి.

పొలంలోని పాత ట్రాక్టరు పరిస్థితి దీనికి భిన్నం కాదు. రబీ కోతల తరువాత షెడ్డులో నిలిచిపోయిన ట్రాక్టరు తొలకరి పడగానే దుక్కికి, నాట్ల కాలంలో దమ్ముకు దిగుతుంది. దమ్ములో వేగం తక్కువ, భారం ఎక్కువ. ఎదురుగాలి ఇక్కడా అందదు. దీర్ఘ విరామం, ఆ వెంటనే తీవ్రమైన శ్రమ అనే ఈ రెండు స్థితులే రబ్బరు పైపులను, క్లాంపులను త్వరగా దెబ్బతీస్తాయి. చిత్రీకరణలో వాహనం ఆగితే ఒక రోజు షెడ్యూలు చెడుతుంది. నాట్ల వేళ ట్రాక్టరు ఆగితే కూలీలు వచ్చి, నారు తీసి, నీరు పెట్టిన మడి ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

లీకేజీ ఏర్పడే విధానం

పైపు అతుకు వద్ద రెండు వేర్వేరు అవసరాలు ఉంటాయి. మొదటిది, లోపలి పీడనానికి పైపు ఊడిపోకుండా నిలవడం. రెండవది, రబ్బరుకు, లోహానికి నడుమ ద్రవం జారిపోకుండా మూసి ఉంచడం. సాధారణంగా మొదటి అవసరం గురించే ఆలోచిస్తారు. వాస్తవానికి రెండవదే కష్టసాధ్యమైనది. 38 మి.మీ. లోపలి వ్యాసం గల రేడియేటర్ పైపులో 1 బార్ పీడనం ఉన్నప్పుడు దానిని మూతి నుండి నెట్టివేసే బలం సుమారు 113 న్యూటన్లు, అనగా పదకొండున్నర కిలోల బరువుకు సమానం. పాత వాహనాలలో రేడియేటర్ మూత 0.5 బార్ వద్దనే తెరుచుకునేదైతే ఈ బలం అందులో సగమే. మూతి చివర గట్టు ఉన్నప్పుడు ఈ మాత్రం బలాన్ని సాధారణ క్లాంపు సులభంగా ఆపగలదు. కావున లీకేజీ కనబడగానే క్లాంపును శక్తి కొద్దీ బిగించడం సరైన పరిష్కారం కాదు.

మూసి ఉంచే శక్తి క్లాంపు బిగువు నుండి మాత్రమే రాదు. నొక్కబడిన రబ్బరు తిరిగి వ్యాకోచించడానికి చేసే ప్రయత్నం నుండి వస్తుంది. కొత్త రబ్బరుకు ఈ సాగుగుణం పుష్కలంగా ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి, ఒత్తిడికి లోనైన రబ్బరు నొక్కిన ఆకారంలోనే స్థిరపడిపోతుంది. అప్పుడు క్లాంపు ఎప్పటిలాగే బిగువుగా కనిపించినప్పటికీ దాని కింద రబ్బరు లోహాన్ని నొక్కదు.

ఉదయం వేళ కారి, ఇంజను వేడెక్కిన తరువాత ఆగిపోయే లీకేజీకి కారణం ఇదే. రబ్బరు వేడికి ఉక్కు కన్నా పది రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. వేడిలో ఉబ్బిన రబ్బరు సందును మూసివేస్తుంది. చల్లారినప్పుడు ముడుచుకొని దారి ఇస్తుంది. దీనిని చల్లని లీకేజీగా వ్యవహరించవచ్చు. వేడి మీద ఉన్నప్పుడు క్లాంపును మరింత బిగిస్తే ఉబ్బిన రబ్బరు ఇంకా నలిగి, చల్లారిన తరువాత సందు పెద్దదవుతుంది. ప్రతి ఉదయం బిగించడం, ప్రతి సాయంత్రం రబ్బరు నలగడం అనే ఈ చక్రం చివరకు పైపు తెగిపోవడంతో ముగుస్తుంది.

పైపు లోపలి నుండి పాడయ్యే మరొక విధానం ఉంది. ఇంజనులోని వేర్వేరు లోహాలు, కూలెంటు కలిసి బలహీనమైన విద్యుత్ ఘటంగా పనిచేస్తాయి. దాని ప్రభావంతో పైపు లోపలి పొరలో నిలువు పగుళ్ళు ఏర్పడి, ద్రవం అల్లిక దారాల వరకు చేరి వాటిని బలహీనపరుస్తుంది. ఈ పగుళ్ళు ఎక్కువగా పైపు కొసలకు దగ్గరగా, సుమారు 50 మి.మీ. లోపు వస్తాయి. వెలుపలి నుండి పైపు నిగనిగలాడుతున్నప్పటికీ చల్లని ఇంజను మీద కొసల వద్ద వేళ్ళతో నొక్కినప్పుడు మధ్యభాగం కన్నా మెత్తగా, బోలుగా తగిలితే దానిని మార్చవలసి ఉంటుంది.

చిన్న లీకేజీ వలన పెద్ద నష్టం

సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే గంటకు 3,600 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరుగా లెక్కిస్తే గంటకు 180 మిల్లీలీటర్లు, పది గంటల పనిదినంలో 1.8 లీటర్లు. అయితే నష్టం ద్రవంతో ఆగదు. పీడనం కూడా పోతుంది. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడ నీరు దాదాపు 98 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది. రేడియేటర్ మూత 0.5 బార్ పీడనాన్ని నిలిపితే మరిగే స్థానం దాదాపు 110 డిగ్రీలకు, 1 బార్ నిలిపితే దాదాపు 119 డిగ్రీలకు చేరుతుంది. అతుకు వద్ద పీడనం నిలవకపోతే ఈ రక్షణ మొత్తం కోల్పోవలసి వస్తుంది. ఇంజను హెడ్డులో ఆవిరి బుడగలు ఏర్పడి, అక్కడ లోహం మితిమీరి వేడెక్కి, హెడ్ గ్యాస్కెట్టు కాలిపోవడం, హెడ్డు వంగిపోవడం, పిస్టన్లు పట్టివేయడం వంటి ప్రమాదాలు సంభవిస్తాయి. చిన్న క్లాంపు వద్ద మొదలైన లోపం ఇంజను విప్పదీసే ఖర్చుతో ముగుస్తుంది.

కారిన నీటికి బదులు రైతులు బోరు నీటిని నింపడం సాధారణం. తెలంగాణలో కొండరాతి నేలల బోరు నీరు చాలా చోట్ల లవణాలతో కూడి ఉంటుంది. ఆ లవణాలు రేడియేటర్ నాళాలలో, లోహపు మూతుల మీద పొలుసుగా పేరుకుంటాయి. గరుకుబారిన మూతి మీద కొత్త పైపు వేసినా లీకేజీ ఆగదు. శుద్ధజలం, తుప్పు నిరోధకం కలిగిన కూలెంటు మిశ్రమం వాడడం గడ్డకట్టే చలి లేని ప్రాంతాలలోనూ అవసరం.

క్లాంపుల రకాలు

మర స్క్రూ క్లాంపు: మెకానిక్కులు హోస్ క్లిప్ అని పిలిచే ఈ రకం అత్యధికంగా వాడుకలో ఉంది. పట్టీ మీది గాళ్ళలో స్క్రూ మరలు తిరిగి పట్టీని లాగుతాయి. బ్రిటిష్ నౌకాదళ అధికారి లమ్లీ రాబిన్సన్ ఈ తరహా క్లాంపుకు 1921లో పేటెంటు పొందారు. ఆయన సంస్థ పెట్టిన ‘జూబ్లీ’ అనే వ్యాపారనామం బ్రిటన్‌లో ఈ రకం మొత్తానికి వాడుక పేరైంది. జూబ్లీహిల్స్‌తో ఈ పేరు కలవడం యాదృచ్ఛికం మాత్రమే. పట్టీకి ఆరపార రంధ్రాలు ఉన్న రకంలో మెత్తని రబ్బరు రంధ్రాలలోకి ఉబ్బి కోసుకుపోతుంది. గాళ్ళు పై వైపు మాత్రమే అచ్చువేయబడి, లోపలి వైపు నునుపుగా, అంచులు పైకి మడిచి ఉన్న రకం రబ్బరుకు మేలు చేస్తుంది.

స్ప్రింగ్ క్లాంపు: స్ప్రింగు ఉక్కుతో చేసిన ఈ కడియం రబ్బరు ఉబ్బినప్పుడు విచ్చుకొని, ముడిచినప్పుడు తానే బిగుసుకుంటుంది. చల్లని లీకేజీకి ఇది సహజమైన విరుగుడు. కొలత సరిగ్గా కుదరాలి. పట్టు తగ్గినదానిని తిరిగి వాడరాదు.

టీ బోల్టు క్లాంపు: వెడల్పైన పట్టీ, బోల్టు, నట్టు కలిగి అధిక బిగువు నిస్తుంది. టర్బో ఇంజనుల గాలి గొట్టాలకు, భారీ డీజిల్ ఇంజనుల పెద్ద పైపులకు అనువైనది. పాత రేడియేటర్ల పలుచని ఇత్తడి మూతుల మీద దీనిని వాడితే మూతి నొక్కుకుపోయే ప్రమాదం ఉంది.

ఇంధన పైపు క్లాంపు: సన్నని ఇంధన పైపులకు మడిచిన అంచులు గల చిన్న పట్టీ, చిన్న బోల్టుతో కూడిన రకం వాడవలెను. పెద్ద స్క్రూ క్లాంపును చిన్న వ్యాసానికి కుదిస్తే అది వృత్తంగా కాక కోడిగుడ్డు ఆకారంలో బిగుసుకుంటుంది. స్క్రూ గూడు పక్కన రబ్బరు మీద ఒత్తిడి తగ్గి, లీకేజీ అక్కడి నుండే మొదలవుతుంది.

తీగ చుట్టలు: కట్టుతీగ, సైకిలు ట్యూబు ముక్క, ప్లాస్టిక్ టై వంటివి దారిలో ఆగినప్పుడు ఇల్లు చేరడానికి మాత్రమే పనికివస్తాయి. తీగ సన్నని గీతలా రబ్బరును కోస్తుంది. ఇంధన పైపులకు వీటిని ఏ పరిస్థితిలోనూ వాడరాదు.

కొలత, లోహం ఎంపిక

క్లాంపును పైపు లోపలి వ్యాసాన్ని బట్టి కాక, మూతి మీద ఎక్కించిన తరువాత పైపు వెలుపలి వ్యాసాన్ని బట్టి ఎంచుకోవాలి. ఉదాహరణకు 38 మి.మీ. మూతి మీద 4.5 మి.మీ. మందం గల పైపు ఎక్కిస్తే వెలుపలి వ్యాసం 47 మి.మీ. అవుతుంది. 32–50 మి.మీ. క్లాంపు దీనికి చుట్టుకున్నప్పటికీ అది తన పరిమితి చివరన ఉండి స్క్రూకు తక్కువ పట్టు నిస్తుంది. 40–60 మి.మీ. క్లాంపులో ఈ కొలత మధ్యకు దగ్గరగా వస్తుంది. పని కొలత క్లాంపు పరిధికి మధ్యలో ఉండేలా చూడడం మంచి నియమం.

పట్టీ వెడల్పు సాధారణంగా 9 లేదా 12 మి.మీ. ఉంటుంది. గట్టుకు, మూతి మొదలుకు నడుమ స్థలం తక్కువగా ఉన్నచోట 9 మి.మీ., పెద్ద రేడియేటర్ పైపులకు 12 మి.మీ. అనుకూలం. లోహం విషయంలో పట్టీ, గూడు, స్క్రూ మూడింటినీ పరిశీలించాలి. పట్టీ స్టెయిన్‌లెస్ ఉక్కుతో ఉండి, స్క్రూ మాత్రం జింకు పూత వేసిన మామూలు ఉక్కుతో ఉండే క్లాంపులు బజారులో లభిస్తాయి. బురద, ఎరువు అంటే ట్రాక్టర్ల మీద ముందుగా ఆ స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. దమ్ము చేసే ట్రాక్టర్లకు మూడు భాగాలూ స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసినవి మేలు. స్క్రూ తలను అయస్కాంతంతో తాకించి పోల్చి చూడడం తొలి పరీక్షగా ఉపకరిస్తుంది.

పైపు రబ్బరు కూడా ద్రవానికి తగినదై ఉండాలి. కూలెంటు పైపులకు వాడే ఈపీడీఎం రబ్బరు వేడిని, నీటిని బాగా తట్టుకుంటుంది. డీజిలు, ఇంజను ఆయిలు తగిలితే మాత్రం ఉబ్బి మెత్తబడుతుంది. కావున రేడియేటర్ పైపు ముక్కను ఇంధనానికి వాడరాదు. పైపు ఎక్కించేటప్పుడు గ్రీజు, ఆయిలు రాయడం కూడా తప్పే.

పెట్రోలులో ఇథనాల్ మిశ్రమం 20 శాతానికి చేరిన నేపథ్యంలో పాత పెట్రోలు వాహనాల ఇంధన పైపులకు ప్రత్యేక శ్రద్ధ అవసరం. కొన్ని పాత వాహనాలలో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు దీర్ఘకాల వాడకం తరువాత మార్చవలసి రావచ్చునని కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025లో పేర్కొన్నది. ఇది అంబాసిడర్, పద్మిని కార్లకు పరిమితమైన విషయం కాదు. పెట్రోలుతో నడిచే పవర్ స్ప్రేయర్లు, కలుపుతీత యంత్రాలు కూడా ఈ పరిధిలోకి వస్తాయి. ఇథనాల్‌ను తట్టుకునే లోపలి పొర గల ఇంధన పైపునే అడిగి కొనవలెను.

బిగింపు విధానం

1. ఇంజను పూర్తిగా చల్లారే వరకు రేడియేటర్ మూత తెరవరాదు. పీడనంలో ఉన్న వేడి కూలెంటు మూత తీయగానే ఆవిరిగా ఎగసి తీవ్రమైన కాలిన గాయాలు కలిగిస్తుంది.

2. పాత పైపును మెలితిప్పి లాగరాదు. నిలువుగా కోసి ఒలిచి తీయాలి. లాగినప్పుడు పాత రేడియేటరులో మూతి వద్ద టంకం ఊడే అవకాశం ఉంది. కోసేటప్పుడు మూతి మీద గాటు పడకుండా జాగ్రత్త వహించాలి.

3. మూతి మీది పొలుసు, తుప్పు, పాత రబ్బరు తొలగించి నునుపు చేయాలి. గుంటలు లోతుగా ఉన్నా, మూతి వంకరపోయినా ముందుగా దానిని బాగుచేయించాలి.

4. క్రింది రేడియేటర్ పైపులో లోపల తీగ స్ప్రింగు ఉంటే కొత్త పైపులోనూ అది ఉండేలా చూడాలి. పంపు చూషణకు పైపు అణగకుండా కాపాడేది ఆ స్ప్రింగే.

5. క్లాంపును ముందుగా పైపుకు తొడిగి, మూతిని నీటితోగాని కూలెంటుతోగాని తడిపి, గట్టును దాటి సుమారు 25 మి.మీ. వరకు పైపును ఎక్కించాలి.

6. క్లాంపు గట్టుకు లోపలి వైపున, పైపు కొసకు 3 నుండి 6 మి.మీ. దూరంలో ఉండాలి. గట్టు మీద బిగించిన క్లాంపు జారుతుంది. కొసన బిగించినది రబ్బరును చీలుస్తుంది.

7. స్క్రూ తల తరువాత అందే దిక్కున ఉంచాలి. 9 మి.మీ. పట్టీకి సుమారు 3 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. పట్టీకి సుమారు 5 న్యూటన్ మీటర్ల బిగువు చాలును. పొట్టి పిడి సాధనంతో మణికట్టు బలంతో బిగించినప్పుడు పట్టీ అంచుల పక్కన రబ్బరు స్వల్పంగా ఉబ్బితే ఆపవలెను.

8. కొత్త పైపు తొలి కొన్ని పర్యాయాలు వేడెక్కి చల్లారిన తరువాత, చల్లని ఇంజను మీద ఒకసారి సరిచూడాలి. ఆ తరువాత కూడా పదే పదే బిగించవలసి వస్తున్నదంటే లోపం పైపులోగాని మూతిలోగాని ఉన్నట్లు.

కంటికి కనబడని లీకేజీలు

ద్రవం బయటికి కారే లీకేజీ కనబడుతుంది. గాలి లోపలికి చొరబడే లీకేజీ కనబడదు. డీజిలు ట్యాంకు నుండి ఫీడ్ పంపు వరకు ఉన్న పైపు చూషణలో పనిచేస్తుంది. అక్కడ క్లాంపు వదులైతే డీజిలు కారకపోవచ్చు గాని గాలి ప్రవేశించి ఇంజను స్టార్టు కావడానికి మొరాయిస్తుంది, భారం పడగానే ఆగుతుంది. రైతు ప్రతిసారీ ఎయిర్ తీయించుకుంటాడే గాని మూలకారణం అతుకు వద్దనే ఉండిపోతుంది.

ఇంతకన్నా హానికరమైనది ఎయిర్ క్లీనరుకు, ఇంజనుకు నడుమ ఉన్న గాలి గొట్టపు లీకేజీ. వడపోత దాటిన తరువాత ప్రవేశించే దుమ్మును ఆపేది మరేదీ లేదు. అది పిస్టన్ రింగులను, సిలిండరు గోడలను ఆకురాయిలా అరగదీస్తుంది. ఆ గొట్టం విప్పి లోపలి గోడను తెల్లని గుడ్డతో తుడిచినప్పుడు మట్టి అంటితే లీకేజీ ఉన్నట్లు నిర్ధారించవచ్చు. దుమ్ము చార ఎక్కడ మొదలైనదో అక్కడనే సందు ఉంటుంది.

ఒక హద్దును తప్పక గుర్తించాలి. ఇంజెక్టరు పంపు నుండి ఇంజెక్టర్లకు వెళ్ళే అధిక పీడన గొట్టాలు, హైడ్రాలిక్ లిఫ్టు పైపులు, బ్రేకు పైపులు క్లాంపులతో అతికేవి కావు. వాటిని కోసి హోస్ క్లిప్పుతో కలపడం ప్రాణాపాయం. అధిక పీడనంతో చిమ్మే సన్నని ధార చర్మాన్ని చీల్చుకొని లోనికి పోతుంది. లీకేజీని చేతితో తడిమి వెదకరాదు. అట్టముక్క అడ్డుపెట్టి గుర్తించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

పరీక్షకు అనువైన సమయం పని మొదలయ్యే ముందు కాలం. ఖరీఫ్‌కు ముందు రోహిణి కార్తెలో ఒకసారి, రబీ దుక్కులకు ముందు మరొకసారి ప్రతి అతుకును చూడడం అలవాటు చేయించాలి. ఎక్కువ కాలం నిలిపి ఉంచే వాహనాన్ని నెలకొకసారి థర్మోస్టాట్ తెరుచుకునేంత వరకు నడిపితే కూలెంటులోని తుప్పు నిరోధకం వ్యవస్థ అంతటా ప్రసరిస్తుంది. ఆరిన మరకల రూపంలో లీకేజీలు ముందే బయటపడతాయి. పాత సినిమా వాహనాలను చూసుకునే అనుభవజ్ఞులకైనా, ట్రాక్టరు రైతుకైనా ఇదే నియమం వర్తిస్తుంది.

శిక్షణలో ఉపన్యాసం కన్నా ప్రదర్శన ఫలప్రదం. విప్పి పారేసిన పైపులను సేకరించి, కొసల వద్ద నిలువుగా కోసి, లోపలి పగుళ్ళను, క్లాంపు కోసిన గాట్లను రైతుల చేతికి ఇచ్చి చూపాలి. మంచి పైపును, చెడిన పైపును పక్కపక్కన నొక్కి చూసిన వేళ్ళు ఆ తేడాను మరచిపోవు. విద్యార్థులు ఒక గ్రామంలోని ట్రాక్టర్లలో వాడుతున్న క్లాంపుల రకం, కొలత, స్థానం నమోదు చేసి లీకేజీతో పోల్చడం చక్కని క్షేత్ర అభ్యాసం కాగలదు.

ముగింపు

హోస్ పైపు అతుకులో క్లాంపు పాత్ర సహాయకమైనది మాత్రమే. అసలు పని సాగుగుణం గల రబ్బరు, నునుపైన మూతి కలిసి చేస్తాయి. ఆ రెండూ బాగున్నచోట తగిన కొలత గల సాధారణ క్లాంపు మితమైన బిగువుతో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అవి చెడినచోట ఎంత ఖరీదైన క్లాంపు అయినా లీకేజీని కొన్నాళ్ళు వాయిదా వేయగలదే గాని ఆపలేదు. కారుతున్న అతుకును చూసినప్పుడు స్క్రూడ్రైవరు అందుకోవడానికి ముందు పైపును నొక్కి చూడడం, మూతిని పరిశీలించడం, కొలత సరిచూడడం అనే క్రమాన్ని రైతులకు, యువ మెకానిక్కులకు అలవరచగలిగితే సీజను మధ్యలో నిలిచిపోయే ట్రాక్టర్ల సంఖ్యను తగ్గించవచ్చును.